ఇల్లు అమ్మే ముందు ఇల్లెవరిదో తేల్చుకుందాం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో స్కాలర్‌షిప్పుల గురించి, వితంతు పింఛన్ల గురించి, రంజాన్ రేషన్ గురించి చెప్పుకుంటాం. ఆ లెక్కలన్నీ ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి, తీరిగ్గా చూడండి. ఈసారి మాత్రం ఇల్లు అమ్మడం గురించి మాట్లాడాలని కమిటీలో అనుకున్నాం. ధర్మకార్యాల సభలో ఇళ్ళ బేరాల ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది. సహాయం కోసం మా దగ్గరికి వచ్చేవాళ్ళలో పుట్టు పేదలు ఒక్కరే ఉండరు. నిన్న మొన్నటి దాకా సొంత ఇంట్లో ఉన్నవాళ్ళూ ఉంటారు. ఇల్లు అమ్మారు, వాటా దక్కలేదు. లేదా బయానా తీసుకుని ఇరుక్కున్నారు. లేదా వచ్చిన డబ్బులో కొంత పన్నుకు, కొంత కోర్టుకు పోయింది. తర్వాత ఎంత జకాత్ ఇచ్చినా ఆ ఇల్లు తిరిగి రాదు. అమ్మక ముందు ఒక పూట కూర్చుని కాగితాలు చూసుకుంటే పోయేది కాదు.

ఇల్లు అమ్మడం అనగానే అందరూ ముందు అడిగేది గజం ఎంత పలుకుతుందని. రేటు విషయంలో మేం చెప్పేది ఏమీ లేదు, మీలో చాలామందికి మాకంటే బాగా తెలుసు. రేటులో పోయేది గజానికి వందో, ఐదు వందలో. అసలు నష్టం ఇంకో చోట ఉంది. ఆ ఇల్లు ఎవరెవరిది అన్న సంగతి తేల్చకుండా బేరం పెట్టడంలో ఉంది.

ఒక లెక్క చూద్దాం. తండ్రి చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. ఆయన తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. అప్పులు లేవు, వీలునామా లేదు. ఇల్లు 40 లక్షలకు పోయిందనుకుందాం. సూరె నిసాలో చెప్పిన వాటాల ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 లక్షలు. మిగిలిన 35 లక్షల్లో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. కాబట్టి ఒక్కో కొడుక్కి 10 లక్షలు, ఒక్కో కూతురికి 5 లక్షలు. ఇంతే. బడికి వెళ్ళే పిల్లవాడు కూడా చేయగల లెక్క. మన దేశంలోని చట్టం కూడా ముస్లింల ఆస్తికి ఇదే వర్తింపజేస్తుంది. తండ్రి కన్ను మూసిన క్షణం నుంచి ఆ ఆరుగురూ ఆ ఇంటికి హక్కుదారులు. ఇంటి పన్ను రసీదు పెద్ద కొడుకు పేరు మీదికి మారినంత మాత్రాన ఇల్లు ఆయనది అయిపోదు. పన్ను రసీదు పన్ను కట్టినందుకు గుర్తు, హక్కు పత్రం కాదు.

మరి మన ఊళ్ళలో ఏం జరుగుతుంది? ఇద్దరు అన్నదమ్ములు కూర్చుని బేరం మాట్లాడుకుంటారు. చెల్లెళ్ళ సంగతి ఎవరైనా అడిగితే, వాళ్ళ పెళ్ళిళ్ళు చేశాం కదా, సామాన్లు పెట్టాం కదా, బండి ఇచ్చాం కదా అంటారు. పెళ్ళికి పెట్టిన ఖర్చు మీరాస్‌లో చెల్లు కాదు. ఆ ఖర్చు తండ్రి బతికుండగా తన ఇష్టంతో పెట్టింది, వాటా ఆయన పోయాక పుట్టింది. ఇంకొందరు తెలివిగా తండ్రి ఉండగానే చెల్లెళ్ళ చేత నాకేమీ వద్దని బాండ్ పేపర్ మీద రాయించుకుంటారు. తండ్రి బతికుండగా కూతురికి ఆ ఆస్తిలో ఇంకా వాటాయే లేదు. లేని దాన్ని వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం మీద నమ్మకం పెట్టుకుని 40 లక్షల బేరం చేయడం ఏం తెలివి? నిజంగా ఆమె తన వాటా అన్నకు ఇవ్వాలనుకుంటే, తండ్రి పోయాక, తన వాటా ఎంతో తెలుసుకున్నాక, హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. వాటా ఎంతో చెప్పకుండా సంతకం అడగడం అడిగినట్టు కాదు.

ఇక్కడ ఇంకో చిత్రమైన లెక్క ఉంది. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. బేరం 40 లక్షలకు కుదురుతుంది. దస్తావేజులో 16 లక్షలు రాస్తారు, మిగిలింది చేతికి. చెల్లెలు అడిగితే దస్తావేజు చూపించి, ఇదిగో ఇల్లు 16 లక్షలకు పోయింది, నీ ఎనిమిదో వంతు 2 లక్షలు అంటారు. 5 లక్షలు రావలసిన చోట 2 లక్షలు ఇచ్చి, చెల్లెలికి వాటా ఇచ్చామని నలుగురిలో చెప్పుకుంటారు. పన్ను ఎగ్గొట్టడానికి రాసిన తక్కువ ధర ఆడబిడ్డ వాటా తినడానికి పనికొస్తోంది. మన మధ్య ఇది జరగడం లేదని ఎవరైనా అనగలరా?

సరే, చెల్లెళ్ళ సంతకాలు లేకుండా అమ్మేశారు అనుకోండి. అమ్మినవాళ్ళు తమ వాటాలే అమ్మినట్టు లెక్క. ఇద్దరు కొడుకులవి కలిపి ఎనిమిదిలో నాలుగు పాళ్ళు, అంటే సగం ఇల్లు. మిగతా సగం ఇంకా తల్లిదీ, ముగ్గురు ఆడపిల్లలదీ. కొన్నవాడికి ఈ సంగతి తెలిసినరోజు అమ్మినవాళ్ళ ఇంటి ముందుకు వస్తాడు. బ్యాంకు లోనుతో కొనేవాడైతే ఆ దాకా కూడా పోదు, బ్యాంకు లాయరే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ చూసి ఒక్క సంతకం తక్కువైనా ఫైలు వెనక్కి పంపుతాడు. అప్పుడు నగదు పెట్టి కొనేవాడు తప్ప ఇంకెవరూ మిగలరు. అతనికి మీ ఇబ్బంది తెలుసు. 40 లక్షల ఇంటిని ముప్పైకి అడుగుతాడు. చెల్లెలికి ఇవ్వాల్సిన 5 లక్షలు మిగుల్చుకుందామని చూస్తే బేరంలోనే పది పోతుంది.

విశాఖపట్నం నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక ఇంటి పంచాయితీ గురించి చెబుతాం. హఫీజా బీబీ వర్సెస్ షేక్ ఫరీద్ కేసు అంటే లాయర్లందరికీ తెలుసు. 1968లో ఒక తండ్రి తన ఆస్తిని ఒక కొడుక్కి హిబా చేస్తున్నానని కాగితం మీద రాశాడు. రిజిస్టర్ చేయించలేదు. అదే ఏడాది చివర్లో చనిపోయాడు. మిగతా వారసులు ఆ హిబా చెల్లదు, పంచమన్నారు. కింది కోర్టు ఒకటి చెప్పింది, హైకోర్టు దానికి తిరగేసి చెప్పింది, చివరికి 2011 మేలో సుప్రీంకోర్టు హిబా చెల్లుతుందని తేల్చింది. హిబా అంటే ఇస్తున్నానని చెప్పడం, అవతలివాళ్ళు స్వీకరించడం, ఆస్తి వాళ్ళ స్వాధీనం చేయడం. ఈ మూడూ జరిగితే ముస్లింల మధ్య హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాగితం మీద రాసుకున్నంత మాత్రాన అది తప్పనిసరి అయిపోదు అని తీర్పు సారాంశం. చట్టం పరంగా గొప్ప తీర్పే. కానీ 1968 నుంచి 2011 వరకు లెక్కపెట్టండి, 43 ఏళ్ళు. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకే తండ్రి బిడ్డలు. ఆ రోజు ఒక రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా? కాబట్టి మా ఇల్లు అబ్బాజాన్ నోటితో ఇచ్చింది, షరియత్‌లో చెల్లుతుంది అనేవాళ్ళకు మేం చెప్పేది ఒక్కటే. చెల్లుతుంది, కానీ కొనేవాడికి, వాడి బ్యాంకుకు అది చాలదు. అమ్మాలనుకుంటే ముందు దాన్ని రిజిస్టర్డ్ కాగితంగా మార్చుకోండి, ఇచ్చినవారు బతికి ఉండగానే.

ఇప్పుడు యతీముల సంగతి. ఇది మన సొసైటీ పనికి నేరుగా సంబంధించింది, అందుకని కాస్త ఆగి చెబుతాం.

గల్ఫ్‌లోనో, రోడ్డు ప్రమాదంలోనో భర్త పోతాడు. ముప్పై ఏళ్ళ భార్య, ఇద్దరు చిన్నపిల్లలు మిగులుతారు. అప్పులవాళ్ళు వస్తారు. ఇల్లు అమ్మి పుట్టింటికి పొమ్మని బంధువులు సలహా ఇస్తారు. ఆమె తల్లి కాబట్టి పిల్లల తరఫున సంతకం పెడుతుంది. కొనేవాడూ, దస్తావేజు రాసేవాడూ, అందరూ అది మామూలే అనుకుంటారు. కానీ ముస్లిం ధర్మశాస్త్రంలో మైనరు పిల్లల స్థిరాస్తికి సంరక్షకులు వేరు. తండ్రి, తండ్రి వీలునామాలో నియమించిన వ్యక్తి, ఆ తర్వాత తండ్రి తండ్రి, ఆయన నియమించిన వ్యక్తి. తల్లి ఈ వరుసలో లేదు. అన్న, చిన్నాన్న, మామ కూడా లేరు. పిల్లల్ని పెంచే హక్కు తల్లిదే, వాళ్ళ స్థిరాస్తి అమ్మే హక్కు మాత్రం కోర్టు ఇస్తేనే వస్తుంది. 1918లో ప్రివీ కౌన్సిల్ ఇమాంబందీ కేసులో ఇదే చెప్పింది. 1996లో మన సుప్రీంకోర్టు మళ్ళీ ఇదే చెప్పింది. అలా తల్లి ఒక్కతే చేసిన అమ్మకం పిల్లల వాటా వరకు చెల్లదు. పిల్లలు పెద్దయ్యాక వచ్చి ఇల్లు అడిగితే కొన్నవాడికి దిక్కు లేదు. అది తెలిసినవాడు ఇప్పుడే సగం ధర ఇస్తానంటాడు.

దారి లేకపోలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటే కోర్టు తల్లినే సంరక్షకురాలిగా నియమించవచ్చు, అమ్మడానికి అనుమతీ ఇవ్వవచ్చు. పిల్లల వాటా డబ్బు వాళ్ళ పేరు మీద బ్యాంకులో వేయమని సాధారణంగా షరతు పెడుతుంది. కొన్ని నెలలు పడుతుంది. ఆ కొన్ని నెలలు ఆమెకు గడవడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. దాతలైన మిమ్మల్ని మేం అడిగేది అక్కడే. అప్పులవాళ్ళ ఒత్తిడికి ఇల్లు సగానికి పోకుండా ఆరు నెలల ఇంటి ఖర్చు, లాయరు ఫీజు ఖర్జె హసనాగా ఇవ్వగలిగితే చాలు. ఇల్లు అమ్మాక ఆమె తిరిగి కట్టేస్తుంది. ఒకసారి దానంగా ఇచ్చేదానికంటే ఇది తక్కువ ఖర్చు, ఎక్కువ మేలు.

యతీముల గురించే ఇంకో మాట. తండ్రి కంటే ముందే కొడుకు చనిపోతే, ఆ తండ్రికి వేరే కొడుకులు బతికి ఉంటే, చనిపోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. ఇది విని చాలామంది ఉలిక్కిపడతారు. కానీ తాత చేతిలో ఉపాయం ఉంది. తన ఆస్తిలో మూడో వంతు దాకా వారసులు కానివారికి వీలునామా రాయవచ్చు. మనుమలు ఇలాంటప్పుడు వారసులు కారు కాబట్టి వాళ్ళకు రాయవచ్చు, మిగతా కొడుకుల అనుమతి అక్కర్లేదు. ఈ సభలో తాతలు చాలామందే ఉన్నారు. నోటిమాట వీలునామా కూడా చెల్లుతుందంటారు. నోటిమాటను కోర్టులో నిరూపించడం ఎంత కష్టమో విశాఖ కేసు చూశాక మళ్ళీ చెప్పక్కర్లేదు. రాసి రిజిస్టర్ చేయించండి.

పంచే ముందు వరుస కూడా గుర్తుంచుకోవాలి. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వీలునామా ఉంటే మూడో వంతు లోపల, చివరికే వాటాలు. భార్యకు ఇవ్వని మెహర్ కూడా అప్పే. ఎనిమిదో వంతు ఇచ్చి మెహర్ మాట ఎత్తకపోతే ఆమెకు ఇవ్వాల్సింది ఇంకా మిగిలే ఉంది.

ఇక కాగితాల విషయానికి వద్దాం. మన ఖానాపూర్ ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి నిర్మల్ జిల్లా. 2018 దాకా గ్రామ పంచాయతీ, తర్వాత మున్సిపాలిటీ. పాత దస్తావేజులో జిల్లా ఒకటి, ఇప్పుడు ఒకటి. ఇంటి నంబరు అప్పుడొకటి, ఇప్పుడొకటి. హద్దుల్లో తూర్పున ఫలానా వారి ఇల్లు అని రాసి ఉంటుంది, ఆ ఫలానా వారు పోయి ఇరవై ఏళ్ళు అయ్యుంటుంది. పాత నంబరే కొత్త నంబరు అయిందని మున్సిపాలిటీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. నిజాం కాలపు కాగితాలు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి, ఉర్దూలో, అదీ గొలుసుకట్టు రాతలో. మన పిల్లలకు ఆ రాత చదవడం రాదు. చదవడం రాదని పెట్టెలో పడేయకండి. గ్రామకంఠంలో కట్టిన పాత ఇళ్ళకు అవే మూలం కావచ్చు.

పేర్ల గొడవ మనవాళ్ళకున్నంత ఇంకెవరికీ ఉండదు. దస్తావేజులో షేక్ అని, ఆధార్‌లో ఎస్.కె. అని, పాస్‌పోర్టులో ఇంకోలా. ఒకచోట మహమ్మద్, ఒకచోట మొహమ్మద్, ఇంకోచోట ఎండీ. ఆడవాళ్ళకైతే పెళ్ళికి ముందు బీ, పెళ్ళయ్యాక బేగం. మనకు అందరూ ఒక్కరే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముగ్గురు. బేరం కుదిరాక దిద్దించుకోవడం మొదలుపెడితే కొనేవాడు ఆగడు. ఇల్లు అమ్మే ఆలోచన లేనివాళ్ళు కూడా ఆధార్, పాన్, దస్తావేజు పక్కపక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.

అసలు అమ్మడానికే వీల్లేనివి రెండున్నాయి. ఒకటి వక్ఫ్ భూమి. మసీదు, దర్గా, ఖబ్రస్తాన్ కింద ఉన్న స్థలంలో మూడు తరాలుగా ఇల్లు కట్టుకుని ఉంటున్నా, ఆ నేల అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. రెండోది ఏజెన్సీ. ఖానాపూర్ నుంచి ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు వెళితే 1959 భూ బదలాయింపు నిబంధన, 1970 సవరణ అమల్లో ఉంటాయి. జనం వాడుకలో దాన్నే వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. అక్కడ గిరిజనేతరుడి దగ్గర గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. దుకాణం పెట్టుకోవడానికో, చుట్టాలున్నారనో అటువైపు ఇళ్ళు తీసుకున్న మనవాళ్ళు ఉన్నారు. అవి అమ్మజూపేటప్పుడు ఆ ఊరు నోటిఫై అయిన జాబితాలో ఉందా లేదా అని ముందు చూడండి. ఇది ఆదివాసీల భూమి వాళ్ళకే ఉండాలని పెట్టిన చట్టం. దాని చుట్టూ దారులు వెతికి పెడతామనే బ్రోకర్ల మాట వినకండి.

ఇక బయానా. మన దగ్గర బేరం కుదరగానే హోటల్లోనే చాయ్ తాగుతూ యాభై వేలో లక్షో చేతిలో పెడతారు, బాండ్ పేపర్ మీద నాలుగు లైన్లు రాస్తారు. అందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడానికి లేదు. తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడే వీలుంది. జరిమానా పడేది ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి, అంటే అమ్మేవాడికి. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. ఆస్తి లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామని ఎవరైనా దావాలో రాస్తే కోర్టు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని. ఎప్పుడో తీసుకున్న నగదు తర్వాత ఏ గొడవలోనైనా బయటికి వస్తుంది.

రెండో చిక్కు ఆ నాలుగు లైన్లలోనే ఉంది. రిజిస్ట్రేషన్ ఏ తేదీలోగా పూర్తి చేయాలో రాయరు. తేదీ రాస్తే, ఆ తేదీ నుంచి మూడేళ్ళలో దావా వేయాలి. తేదీయే లేకపోతే, మీరు ఇవ్వనని చెప్పిన రోజు నుంచి ఆ మూడేళ్ళు మొదలవుతాయి. అంటే కొనేవాడు లక్ష రూపాయలతో మీ ఇంటిని ఏళ్ళ తరబడి పట్టుకుని కూర్చోవచ్చు. రేటు పెరిగితే తీసుకుంటాడు, తగ్గితే బయానా తిరిగివ్వమంటాడు. పైగా 2018 అక్టోబరు నుంచి చట్టం మారింది. ఒప్పందం రాసుకుంటే దాన్ని అమలు చేయించడమే కోర్టుల మొదటి పని, డబ్బు తిరిగిచ్చి వదిలించుకుంటామంటే మునుపటిలా కుదరదు. కాబట్టి తేదీ, మొత్తం, వాయిదాలు, తప్పితే ఏమిటన్నది, ఇల్లు ఖాళీ చేసేది ఎప్పుడన్నది, అన్నీ రాసి వారసులందరూ సంతకాలు పెట్టాకే బ్యాంకు ద్వారా బయానా తీసుకోండి. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని మనకు చెప్పి ఉంది. మన మీద నమ్మకం లేదా అని అవతలివాళ్ళు అలిగితే ఆ మాటే చెప్పండి.

డబ్బు పూర్తిగా ఖాతాలో పడకముందు ఒరిజినల్ దస్తావేజులు ఎవరికీ ఇవ్వకండి. బ్యాంకుకు చూపించి తెస్తామని తీసుకెళ్తారు. జిరాక్సు చాలు. ఒరిజినల్ చూడాలంటే ఇంటికి వచ్చి చూసుకోవచ్చు.

చివరికి గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ సంగతి. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల్లో ఇది లేని ఇల్లు తక్కువ. పెద్దన్న దమ్మామ్‌లో ఉంటాడు, సెలవు దొరకదు, ముఖ్తార్‌నామా పంపిస్తానంటాడు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టి వాట్సాప్‌లో పంపితే అది ముఖ్తార్‌నామా కాదు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో అధికారి ముందు సంతకం చేయాలి. ఇక్కడికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఏ ఇల్లు, ఎవరి వాటా, అమ్మడానికా పంచడానికా అన్నది స్పష్టంగా ఉండాలి. డబ్బు ఎవరి ఖాతాలో పడాలో కూడా రాస్తే అన్నదమ్ముల మధ్య మాట రాదు. రాసిచ్చినవాడు చనిపోతే ముఖ్తార్‌నామా కూడా ఆ రోజుతో పోతుంది. తండ్రి ఇచ్చిన పాత ముఖ్తార్‌నామాతో తండ్రి పోయాక అమ్మినవాళ్ళున్నారు. ముఖ్తార్‌నామా చేతిలో పెట్టి ఇల్లు నీదే అనడమూ చెల్లదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

గల్ఫ్ అన్నకు ఇంకో దెబ్బ పన్ను రూపంలో తగులుతుంది, దీని గురించి మన దగ్గర చాలామందికి తెలియదు. ఊళ్ళో ఉన్నవాడి ఇల్లు 50 లక్షల లోపు అమ్మితే కొనేవాడు పన్ను పట్టుకోనక్కర్లేదు. అమ్మేవాడు నాన్ రెసిడెంట్ అయితే ఆ 50 లక్షల హద్దు లేదు. రెండేళ్ళు దాటిన ఆస్తికి పన్నెండున్నర శాతం, దాని మీద సెస్సు, కలిపి 13 శాతం పట్టుకోవాలి. కొనేవాళ్ళు భయపడి లాభం మీద కాకుండా మొత్తం ధర మీదే పట్టుకుంటారు. మన లెక్కలో పెద్దన్న వాటా 10 లక్షలు కదా, అందులో 1 లక్షా 30 వేలు ముందే పోతాయి. రిటర్ను వేస్తే ఎక్కువ పట్టుకున్నది తిరిగి వస్తుంది, వేయకపోతే రాదు. అమ్మకానికి ముందే ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి తక్కువ పట్టుకోమనే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, దానికి కొన్ని వారాలు పడుతుంది. పట్టుకోకుండా డబ్బు ఇచ్చేసిన కొనుగోలుదారుకు తర్వాత నోటీసు వస్తుంది, అప్పుడు అతను మన గడప ఎక్కుతాడు.

ఇక్కడ ఉండేవాళ్ళకు పన్ను ఇంత భారం కాదు. తండ్రి నుంచి వచ్చిన ఇంటికి తండ్రి కొన్న ధరే మన కొనుగోలు ధర అవుతుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీనాటి విలువ తీసుకోవచ్చు. 2024 జులై 23కి ముందు చేతికొచ్చిన ఇంటికి ఇక్కడ నివసించేవాళ్ళు పన్నెండున్నర శాతం కట్టాలా, ధరల పెరుగుదల లెక్కగట్టి ఇరవై శాతం కట్టాలా అన్నది ఏది తక్కువైతే అది ఎంచుకోవచ్చు. లాభంతో రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్ళలో కట్టుకున్నా ఆ మేరకు పన్ను ఉండదు. ఈలోగా రిటర్ను గడువు వస్తే ఆ డబ్బును మామూలు సేవింగ్స్‌లో ఉంచకూడదు, దీనికోసమే బ్యాంకుల్లో ప్రత్యేక ఖాతా ఉంటుంది, అందులో వేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. దస్తావేజులో తక్కువ రాసుకున్నవాళ్ళకు ఈ మినహాయింపు కూడా రాసుకున్న మేరకే. మిగతాది లెక్కలో లేని డబ్బు, దానితో కొత్త ఇల్లు కొన్నామని చూపించలేరు.

దాతలకు ఒక మనవి ఉంది. మీలో కొందరు ఇళ్ళు, ప్లాట్లు కొనేవాళ్ళు కూడా. ఆసుపత్రి బిల్లు కోసమో, వీసా కోసమో హడావుడిగా అమ్మేవాళ్ళు మీ దగ్గరికే ముందు వస్తారు, నమ్మకంతో. అలాంటి ఇల్లు కొనేటప్పుడు చెల్లెళ్ళు ఎంతమంది, తల్లి ఉందా, మైనర్లు ఉన్నారా అని మీరే అడగండి. కొనేవాడు అడిగితే అమ్మేవాడు తప్పించుకోలేడు. ఏ మౌల్వీ సాహెబ్ ఉపన్యాసం కంటే కొనేవాడి ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది. అవసరానికి రెండు లక్షలు కావలసినవాడు ఇరవై లక్షల ఇల్లు అమ్మడానికి వస్తే, అతన్ని ముందు మా దగ్గరికి పంపండి. ఖర్జె హసనా నిధి ఉన్నది అందుకే.

కమిటీ తరఫున ఒక ఏర్పాటు చేశాం. నెలలో మొదటి ఆదివారం అసర్ నమాజు తర్వాత సొసైటీ ఆఫీసులో ఉర్దూ కాగితాలు చదవగలిగిన ఒక పెద్దాయన, వాటాల లెక్క చెప్పగల ఆలిం సాహెబ్, ఒక వకీలు కూర్చుంటారు. ఫీజు లేదు. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రసీదు, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఉన్నవన్నీ జిరాక్సు తెచ్చుకోండి. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి. ఆడవాళ్ళు తమ వాటా ఎంతో తెలుసుకోవాలంటే అన్నదమ్ములను వెంట తీసుకురానక్కర్లేదు, ఒక్కరే రావచ్చు. వాళ్ళ కోసం పక్క గదిలో వేరే ఏర్పాటు ఉంది.